కొమ్మల మిషన్ సరే, చేతులకు పూచీ ఎవరిది?

మామిడి కోత అయిపోయి నాలుగు వానలు పడ్డాక మా నూజివీడు వైపు తోటల్లో మొదలయ్యే పని కొమ్మల కత్తిరింపు. ఎండు పుల్ల, లోపలికి పెరిగి గాలీ వెలుతురూ రానివ్వని కొమ్మ, పక్క చెట్టుతో రాసుకునే కొమ్మ, నేలకు వేలాడే కొమ్మ, అన్నీ తీసేస్తాం. తీసినవాటిని గట్టు మీదికి లాగించి, ఎండనిచ్చి, ఒక సాయంత్రం అగ్గిపుల్ల గీసేవాళ్ళం. మా తండ్రులు అలాగే చేశారు. మేమూ ముప్పై ఏళ్ళు అలాగే చేశాం.

ఈ మూడు నాలుగేళ్ళుగా తోటల్లో కొత్త చప్పుడు వినపడుతోంది. మినీ ట్రాక్టరు వెనక తగిలించే చిప్పర్‌ది ఆ చప్పుడు. మా ఊళ్ళలో దాన్ని కొమ్మల మిషన్ అంటున్నారు. ఒక పక్క నుంచి కొమ్మ పెడితే ఇంకో పక్క నుంచి ముక్కలై వచ్చి పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు మేమూ ముచ్చటపడ్డాం. రెండు రోజుల పని పూటలో అయిపోతుంటే ఎవరు కాదంటారు?

2025 ఆగస్టులో మా మండలంలోనే ఒక తోటలో ఆ మిషన్‌కు కొమ్మలు అందిస్తున్న కుర్రాడి కుడిచెయ్యి నలిగిపోయింది. వయసు పాతికేళ్ళు. ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ బొటనవేలు తప్ప మిగిలిన వేళ్ళు పోయాయి. కబురు తెలిసి మేం వెళ్ళేసరికి మిషన్ అక్కడే ఉంది. దాని చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ తలెత్తి మాట్లాడలేదు.

తర్వాత పంచాయితీ పెట్టాం. తోట రైతు ఏమన్నాడంటే, "నేను గంటకింతని మిషన్ అద్దెకు పిలిచాను, మనుషులు మిషన్‌తోనే వచ్చారు, నాకేం సంబంధం?" మిషన్ యజమాని, "మనుషుల్ని మేస్త్రీ పంపాడు, నేను బండి మాత్రమే ఇచ్చాను" అన్నాడు. మేస్త్రీ, "కూలి డబ్బు తోట రైతే ఇచ్చాడు" అన్నాడు. ట్రాక్టరు తోలిన మనిషి, "వద్దన్నా వాడే చెయ్యి పెట్టాడు" అన్నాడు. ఎవరికి వారే యమునా తీరే. ఇందులో తోట రైతు మన సంఘ సభ్యుడు. మిషన్ యజమానీ మన సభ్యుడే. అప్పు చేసి ట్రాక్టరు కొన్న మూడెకరాల రైతు.

అప్పటిదాకా గోడ పక్కన కూర్చున్న కుర్రాడి తల్లి లేచి ఒక్క మాట అడిగింది. "బాబుగారూ, మీరంతా సంఘం వాళ్ళేగా. కొమ్మలెన్ని, గంటలెన్ని, డీజిలెంత, అన్నిటికీ లెక్క రాశారు. మావాడి చెయ్యి ఎవరి లెక్కలో రాస్తారు?"

మా దగ్గర జవాబు లేదు. చందాలు వేసుకుని కొంత డబ్బు ఇచ్చాం. చందా దయ కింద వస్తుంది, హక్కు కింద కాదు. గిట్టుబాటు ధర మా హక్కు అని రోడ్డెక్కే మనం, మన పొలంలో చెయ్యి పోగొట్టుకున్న మనిషికి దయ చూపించి సరిపెట్టుకోవడమేమిటన్న ప్రశ్న ఆ రోజు నుంచి మమ్మల్ని వదల్లేదు. మళ్ళీ కత్తిరింపుల కాలం వచ్చింది కాబట్టి ఈ నెల దాని గురించే రాస్తున్నాం.

మిషన్ వద్దని చెప్పడం లేదు

ముందుగా ఒక మాట. యంత్రాలు వద్దనే వాళ్ళం కాదు మేము. ఈ మిషన్ అవసరం ఉంది. కొమ్మలు తగలబెడితే పక్క చెట్టు ఆకు మాడుతుంది, పొగ ఊరి మీద పడుతుంది, మంట వేసిన చోట నేల పైపొర కాలిపోతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం మరొకటి. ఏడాదంతా చెట్టు మన నేలలోంచి లాగి కొమ్మల్లో, ఆకుల్లో దాచుకున్నదంతా బూడిదా పొగా అయిపోతుంది. ఎరువు బస్తా కోసం తెల్లవారుజామునే వరుసలో నిలబడే రైతు, తన తోటలో తయారైన ఎరువును తన చేత్తోనే అంటించి పోతున్నాడు.

ముక్కలు చేసి చెట్ల కింద పరిస్తే అది నేలకు దుప్పటి అవుతుంది. రెండు మూడు అంగుళాల మందాన పరిచిన ముక్కలు ఎండాకాలం తేమను ఆపుతాయి, కలుపును అణుస్తాయి, మెల్లగా చివికి మట్టిలో కలుస్తాయి. అయితే పచ్చి ముక్కల్ని దున్ని మట్టిలో కలపకూడదు. కొయ్యను చివికించే సూక్ష్మజీవులు ఆ పనికి నేలలోని నత్రజనిని వాడుకుంటాయి, కొంతకాలం చెట్టుకు కరువు చేస్తాయి. పైన పరిచి వదిలేస్తే ఆ ఇబ్బంది అంతగా ఉండదు. మొదలుకు ఆనించి కుప్ప పోయకూడదు. జానెడు రెండు జానెల దూరం వదలాలి, లేకపోతే తడి పట్టి బెరడు కుళ్ళుతుంది, చెదలు పడతాయి. తెగులు సోకిన కొమ్మల్ని తోటంతా పరవకూడదు. వాటిని వేరు చేసి బయటికి తీసేయాలి.

కూలి సంగతి కూడా దాచుకోవాల్సిన పని లేదు. కోత తర్వాత చేతిలో డబ్బు లేని రైతుకు కొమ్మలు ఏరించడం, లాగించడం, తగలబెట్టించడం భారమే. 2025లో చిత్తూరు వైపు తోతాపురి రైతు గతి అందరం చూశాం. మేం కలెక్టర్ కాయ అనేది దాన్నే. కిలోకు 12 రూపాయలు దక్కేలా చేస్తామని, ఫ్యాక్టరీలు 8 ఇస్తే ప్రభుత్వం 4 కలుపుతుందని చెప్పారు. ఆ పన్నెండు కోసం రైతు రోడ్డెక్కాల్సి వచ్చింది. అలాంటి ధరలకు అమ్ముకున్నవాడు కత్తిరింపుల మీద ఎంత ఖర్చు పెట్టగలడు? అందుకే మిషన్ వైపు చూస్తున్నాడు. ఆ చూపులో తప్పు లేదు.

ఎగ్జిబిషన్‌లో ఒక రకం, తోటలో ఒక రకం

కంపెనీ వాళ్ళు ప్రదర్శన పెట్టినప్పుడు ఏ కొమ్మ పెడతారో గమనించండి. పచ్చిది, నిటారుగా ఉన్నది, పక్క పుల్లలు లేనిది, మెత్తని జాతిది. సర్రున లాక్కుంటుంది. మన తోటలో మామిడి కొమ్మ అలా ఉండదు. వంకర టింకరగా, పంగలు పంగలుగా ఉంటుంది. పంగ ఉన్న కొమ్మ తొట్టి నోటికి అడ్డంపడి ఆగిపోతుంది. "నాలుగంగుళాల దాకా పడుతుంది" అని కాగితం మీద ఉంటే ఆ నాలుగంగుళాలు తిన్నని పచ్చి కొమ్మకు చెప్పిన లెక్క అనుకోవాలి.

ఇంకో సంగతి, ఇంజను మీద రాసిన హార్స్‌పవర్ అంతా వెనక పీటీఓ దాకా రాదు. మినీ ట్రాక్టర్లు చాలావరకు ఇరవై, ముప్పై హార్స్‌పవర్ మధ్యవి. అందులోంచి పీటీఓ దగ్గర దక్కేది ఎంత, మిషన్ అడిగేది ఎంత అని రెండూ సరిచూసుకున్నాకే బేరం ఆడాలి. చిన్న ట్రాక్టరుకు పెద్ద మిషన్ తగిలిస్తే ముందు చక్రాలు తేలతాయి, ఇంజను గుంజుకుంటుంది, కొమ్మ సగంలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న ప్రతిసారీ మనిషి చెయ్యి దాని నోటి దగ్గరికి వెళ్తుంది. ప్రమాదం అక్కడే కూర్చుని ఉంటుంది.

కొమ్మ ఎండితే ఇంకా గట్టిపడుతుంది, బ్లేడ్లు తొందరగా మొద్దుబారతాయి. కాబట్టి నరికిన వారంలోపు, పచ్చిగా ఉండగానే ముక్కలు చేయించాలి. నరికేటప్పుడే మొదళ్ళన్నీ ఒకే వైపు ఉండేలా పేర్చుకుంటే మిషన్ దగ్గర సగం పని తగ్గుతుంది. మట్టి కొట్టుకున్న కొమ్మ, ఇనుప తీగ చుట్టుకున్న కొమ్మ, మేకు దిగిన కొమ్మ పెట్టకూడదు. ఒక్క మేకు చాలు బ్లేడ్ల పని పట్టడానికి.

ఆ చెయ్యి ఎలా పోయింది

ఆ కుర్రాడి చెయ్యి ఎలా పోయిందో తర్వాత మేం నలుగురం కూర్చుని విడమర్చి చూసుకున్నాం. అంతా విధి రాత అనుకుంటే వచ్చే ఏడు ఇంకో చెయ్యి పోతుంది కాబట్టి చూసుకున్నాం.

ఆ మిషన్‌కు కొమ్మలు పెట్టే తొట్టి పొడవుగా ఉండేదట. పొడవు ఉన్నది ఎందుకంటే మనిషి చెయ్యి చాచినా బ్లేడ్ల దాకా చేరకూడదని. మామిడి పంగలు అందులో అడ్డంపడుతున్నాయని వెల్డింగ్ షాపులో ముందు భాగం కోయించేశారు. ఇది మొదటి తప్పు. బ్లేడ్లు పదును పెట్టించి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. పదునున్న బ్లేడు కొమ్మను తనే లాక్కుంటుంది. మొద్దుబారినది లాక్కోదు, కొమ్మ ఎగిరెగిరి పడుతుంది, మనిషి తోయాల్సి వస్తుంది. ఇది రెండో తప్పు. కుర్రాడు వదులుగా ఉన్న పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. ఎండకూ గీతలకూ వేసుకున్నాడు పాపం. చేతి బొత్తాం పెట్టుకోలేదు. పంగకు చొక్కా చెయ్యి తగులుకుంది. కొమ్మతో పాటు చెయ్యీ పోయింది. ట్రాక్టరు సీటు మీద కూర్చున్న మనిషి ముందుకు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు. అరుపు విని పీటీఓ ఆపాడు. ఆపినా లోపలి బరువు చక్రం వెంటనే ఆగదు, కాసేపు తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో విధి ఎక్కడుంది? కోసేసిన తొట్టి ఉంది, పదును లేని బ్లేడు ఉంది, నేర్పించకుండా నిలబెట్టిన మనిషి ఉన్నాడు.

పీటీఓ షాఫ్టు సంగతి ఇంకా ఘోరం. మామూలుగా అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. పంచె కొసో, తువ్వాలు కొసో, చీర కొంగో, చున్నీయో దానికి అంటుకుంటే మనిషి "అమ్మా" అనేలోపు తొమ్మిది చుట్లు చుట్టేస్తుంది. అందుకే దాని మీద ప్లాస్టిక్ తొడుగు ఇస్తారు. మన ఊళ్ళలో తిరిగే ఎన్ని ట్రాక్టర్లకు ఆ తొడుగు మిగిలి ఉంది? గ్రీజు పెట్టడానికి అడ్డమని తీసి పాకలో పడేసినవే ఎక్కువ.

అందుకని మా మండల సంఘంలో కొన్ని కట్టుబాట్లు రాసుకున్నాం. మిషన్ సంఘానిదైనా, సభ్యుడి సొంతమైనా ఇవి పాటించాలి.

1. తొట్టి కోసిన మిషన్‌ను, షాఫ్టు తొడుగు లేని ట్రాక్టరును ఏ సభ్యుడూ తన తోటలోకి రానివ్వకూడదు. అద్దె తక్కువని పిలవకూడదు.

2. కొమ్మను మొదలు వైపు నుంచి పెట్టాలి. పెట్టే మనిషి తొట్టికి ఎదురుగా నిలబడకూడదు, పక్కన నిలబడాలి. కొమ్మ అందుకోగానే వదిలేసి వెనక్కి జరగాలి. పొట్టి పుల్లల్ని చేత్తో నెట్టకూడదు, కాలితో అసలే తొయ్యకూడదు. ఇంకో పొడుగు కొమ్మతో నెట్టాలి.

3. వదులు చొక్కా, తువ్వాలు, చున్నీ, మెడలో దండ, చేతికి కడియం, వాచీ ఉండకూడదు. చీర కట్టుకున్న ఆడవాళ్ళను మిషన్ దగ్గర నిలబెట్టకూడదు, కొమ్మలు చేరవేసే పని మాత్రమే ఇవ్వాలి. కళ్ళద్దాలు, చెవులకు అడ్డు, బూట్లు మిషన్‌తో పాటే రావాలి. అవి యజమాని బాధ్యత.

4. ఇరుక్కుంటే పీటీఓ ఆపాలి, ఇంజను ఆపాలి, తాళం తీసి జేబులో వేసుకోవాలి, బరువు చక్రం పూర్తిగా ఆగిందని కంటితో చూడాలి. ఆ తర్వాతే మూత తియ్యాలి.

5. సేఫ్టీ బోల్టు విరిగితే దాని బదులు దొరికిన గట్టి బోల్టు బిగించకూడదు. అది విరగడానికే పెట్టింది. అది విరగకపోతే లోపల ఇంకేదో విరుగుతుంది.

6. ట్రాక్టరు మీద మనిషి వెనక్కి చూస్తూ ఉండాలి. ఫోను ముట్టకూడదు. తాగినవాణ్ణి, పద్దెనిమిదేళ్ళు నిండనివాణ్ణి దగ్గరికి రానివ్వకూడదు.

"ఇన్ని నియమాలు పెడితే పని సాగుతుందా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. కాస్త నిదానంగానే సాగుతుంది తమ్ముడూ. గంట ఆలస్యమైతే గంట అద్దె పోతుంది. ఆ కుర్రాడికి పోయింది గంట కాదు.

చట్టం ఉంది, మన దాకా రాలేదు

హరిత విప్లవం రోజుల్లో గోధుమ పండే ఉత్తరాది రాష్ట్రాల్లో నూర్పిడి మిషన్లు వచ్చినప్పుడు ఇలాగే కూలీల చేతులు పోయాయి. ఆ గోడు పార్లమెంటు దాకా వెళ్ళింది. 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేశారు. ఇలాంటి యంత్రాల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని అదుపులో పెట్టడానికి, వాటి మీద పనిచేస్తూ చనిపోయిన, గాయపడ్డ కూలీలకు పరిహారం ఇప్పించడానికి ఆ చట్టం వచ్చింది. అందులో పేరు పెట్టి చెప్పింది నూర్పిడి మిషన్‌ను. వ్యవసాయంలో, పల్లెల్లో వాడే మిగతా యంత్రాలను కేంద్ర ప్రభుత్వం ప్రకటన ద్వారా చేర్చవచ్చని కూడా అందులోనే ఉంది. నూర్పిడి మిషన్‌కు మనిషి చేత్తో పనలు అందించినట్టే చిప్పర్‌కు కొమ్మలు అందిస్తాడు. ప్రమాదం ఒకటే, పోయే చెయ్యి ఒకటే. చిప్పర్‌ను, ష్రెడ్డర్‌ను ఆ చట్టం కిందికి పేరు పెట్టి స్పష్టంగా తేవాలని అడుగుతున్నాం.

1923 నాటి కార్మిక పరిహార చట్టం కూడా ఉంది. ట్రాక్టర్లతో గానీ, యంత్రశక్తితో నడిచే వేరే సాధనాలతో గానీ జరిగే వ్యవసాయంలో పనిచేసేవాళ్ళు దాని జాబితాలో ఉన్నారు. ఈ సంగతి మన రైతుల్లో ఎంతమందికి తెలుసు? పనిలో పెట్టుకున్నవాడు పరిహారం ఇవ్వాలనేది దాని సూత్రం. 2025 నవంబరులో కార్మిక కోడ్లు అమలులోకి వచ్చాక ఆ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. కార్మిక కోడ్ల మీద మన విమర్శలు మనకున్నాయి. కానీ పని చేయించుకున్నవాడిదే పూచీ అన్న సూత్రం మాత్రం పోలేదు.

ఇక్కడ మనల్ని మనం మోసం చేసుకోకూడదు. ప్రభుత్వం ముందు మనం బాధితులం, నిజమే. బ్యాంకు ముందు, వ్యాపారి ముందు, ఫ్యాక్టరీ గేటు ముందు బాధితులమే. కానీ కూలీ ముందు మనం పని ఇచ్చేవాళ్ళం. మూడెకరాలవాడైనా ఆ పూటకు యజమానే. "నేనూ పేద రైతునే" అన్న మాట నిజమైనా, అది పోయిన వేళ్ళకు జవాబు కాదు. పేద రైతు దగ్గర అంత డబ్బు ఉండదు కాబట్టే బీమా కావాలి. మిషన్ అద్దెలోంచి గంటకు కొంత తీసి పక్కన పెట్టి, మిషన్ దగ్గర నిలబడే ప్రతి మనిషికీ ప్రమాద బీమా కట్టాలని మేం తీర్మానించుకున్నాం. బీమా కాగితం చూపించని మిషన్‌కు పని ఇవ్వం.

ఒక్కడు కొంటే గుదిబండ, పదిమంది కొంటే పనిముట్టు

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. నూటికి 86 మంది సన్న, చిన్నకారు రైతులు. మామిడి పాత పద్ధతిలో పది మీటర్ల ఎడం పెడితే ఎకరాకు నలభై చెట్లు. మూడెకరాల రైతుకు నూట ఇరవై చెట్లు. వాటి కొమ్మలు ముక్కలు చేయడానికి ఏడాదికి రెండు మూడు రోజుల పని. మిగతా మూడు వందల అరవై రోజులు మిషన్ పాకలో కూర్చుంటుంది, వాయిదా మాత్రం కూర్చోదు. అందుకే ఒంటరిగా కొన్నవాడు అద్దెకు తిప్పుతాడు. అప్పు తీరాలంటే ఎక్కువ గంటలు తిప్పాలి. ఎక్కువ గంటలు తిప్పాలంటే పదునుకు ఆగడు, నేర్పించడానికి ఆగడు, భోజనానికీ ఆగడు. ఆ కుర్రాడి చెయ్యి పోవడంలో బ్యాంకు వాయిదాకు కూడా పాలు ఉందని మేం అంటున్నది ఇందుకే.

2014-15 నుంచి కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం నడుపుతోంది. అద్దె యంత్రాల కేంద్రాలకు అందులో రాయితీ ఉంది. ఊళ్ళో ముప్పై మంది చేరి ఒక మిషన్ తెచ్చుకుంటే వరుస రాసుకుని వాడుకోవచ్చు. అందరికీ జూలై, ఆగస్టుల్లోనే కావాలి కాబట్టి వరుస దగ్గర తగాదా వస్తుంది. వస్తుందని ముందే తెలుసు కనుక చీటీలు వేసి తేల్చుకుందాం. సన్నకారు రైతుకు, కౌలు రైతుకు ముందు ఇద్దాం. మామిడి కొమ్మలు అయ్యాక జామ, కోకో కత్తిరింపులు, కొబ్బరి మట్టలు, ఎండాకాలంలో పత్తి కట్టె ఉంటాయి. ఏ సరుకు పడుతుందో కొనేముందే కంపెనీ చేత కాగితం మీద రాయించుకోవాలి.

సబ్సిడీ పేరుతో ఇచ్చే మిషన్లకు ఒక షరతు పెట్టమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. చెయ్యి చేరనంత పొడుగు తొట్టి, కొమ్మ పెట్టే మనిషికి అందేలా ఆపే కడ్డీ, షాఫ్టుకు తొడుగు లేని మిషన్‌కు రూపాయి కూడా ఇవ్వకూడదు. ప్రజల డబ్బుతో చేతులు నరికే మిషన్ కొనిపెట్టడం ఏం న్యాయం? మిషన్ ఇచ్చే రోజున ఫొటోలు దిగే అధికారులు, మర్నాడు నడిపేవాళ్ళకు నేర్పించడానికి కూడా రావాలి. తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డు మిషన్ మీదే ఉండాలి. ఇప్పుడు వస్తున్నవాటి మీద ఉండే ఇంగ్లీషు ముక్కలు కొమ్మలు పెట్టే మనిషికి అర్థం కావు.

కట్టెల మోపు సంగతి

చివరిగా ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఇన్నాళ్ళూ కత్తిరింపుల్లో వచ్చిన కొమ్మల్లో మంచివి ఏరుకుని కూలి ఆడవాళ్ళు సాయంత్రం నెత్తిన మోపు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. అది కూలిలో రాయని కూలి. గ్యాసు బండ ఉన్న ఇళ్ళలో కూడా నీళ్ళు కాచుకోవడానికీ, నెలాఖరుకు బండ అయిపోయినప్పుడూ ఆ కట్టెలే దిక్కు. కొమ్మల మిషన్ వచ్చాక రైతు అన్నీ దాని నోట్లోకే తోస్తున్నాడు. పొయ్యిలోకి పోయేది నేలలోకి పోతోంది. నేల మనది, పొయ్యి వాళ్ళది.

దీనికి పెద్ద చట్టం అక్కర్లేదు. మణికట్టు కన్నా లావున్న కొమ్మ కట్టెకు, సన్నవీ ఆకూ మిషన్‌కు అని మా ఊళ్ళో ఒప్పందం చేసుకున్నాం. ఇందులో మిషన్‌కూ మేలుంది. లావు కొమ్మలే దాన్ని గుంజేది, ఇరుక్కునేది, చేతుల్ని దగ్గరికి రప్పించేది. అవి తీసేస్తే మిషన్ తేలిగ్గా నడుస్తుంది. నేలకు కావలసిన బలం ఎక్కువగా ఉండేది కూడా ఆకుల్లో, సన్న పుల్లల్లోనే.

ముక్కలు కొంటామని, ఇటుక బట్టీలకూ బాయిలర్లకూ పంపుతామని తిరిగే బేరగాళ్ళు వస్తారు. నాలుగు డబ్బులు వస్తాయని తోట మొత్తం ఊడ్చి ఇచ్చేయకండి. ఇవాళ ముక్కలు అమ్ముకుని రేపు ఎరువు బస్తా కొనుక్కోవడం మన చేత్తో మన జేబు కొట్టుకోవడమే.

ఈ నెల చేయవలసింది

ప్రతి గ్రామ శాఖా ఈ నెలలో ఒక పూట మీ ఊళ్ళో ఉన్న కొమ్మల మిషన్లన్నిటినీ ఒక చోటికి రప్పించండి. యజమానిని దొంగలా నిలబెట్టవద్దు, వాడూ మనవాడే. తొట్టి ఉందా, తొడుగు ఉందా, బ్లేడు పదునుందా, బీమా ఉందా, నాలుగే ప్రశ్నలు. లేనివి పెట్టించుకోవడానికి డబ్బు లేకపోతే శాఖ నుంచి అప్పు ఇవ్వండి. కొమ్మలు పెట్టే కూలీలను కూడా ఆ పూటకు పిలవండి, కూలి కట్టి పిలవండి. మిషన్ ముందు నిలబడేది వాళ్ళు. ఏది ప్రమాదమో మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు. వ్యవసాయ కార్మిక సంఘం ఉన్న చోట వాళ్ళతో కలిసి కూర్చోండి.

ఆ కుర్రాడి పరిహారం కోసం తోట రైతు, మిషన్ యజమాని ఇద్దరి మీదా పూచీ ఉందని మా మండల కమిటీ తీర్మానం చేసింది. ఇద్దరూ మన సభ్యులే కాబట్టి ఇది రాయడానికి మాకు చెయ్యి తేలిగ్గా రాలేదు. ఒకరు సంఘానికి రాజీనామా ఇస్తానన్నారు. ఇచ్చినా సరే, తీర్మానం మార్చం. మొదటి వాయిదా సంక్రాంతికి ముందు ఆ ఇంటికి చేరింది. మిగతాది వచ్చే కోత లోపల చేరాలి. చేరేదాకా ప్రతి నెలా మండల సమావేశంలో మొదటి అంశంగా అదే చదువుతాం.

ఆ తల్లి అడిగిన లెక్క మన పుస్తకంలోనే రాశాం. మీ ఊళ్ళో ఆ పేజీ రాయాల్సిన అవసరం రాకుండా చూసుకోండి.